పిల్లి కంటి చుట్టూ చర్మం ఎర్రబడిందా? ఏది వాడాలి, ఏది మానాలి

పిల్లి కంటి పక్కన కాస్త బొచ్చు ఊడి చర్మం ఎర్రగా కనిపిస్తే మా వీధిలో నలుగురు నాలుగు మందులు చెప్తారు. ఎదురింటి మామ్మగారు నందివర్ధనం పువ్వు నానబెట్టిన నీళ్ళతో కడగమంటారు. పక్కింటి పిన్ని కొబ్బరినూనె రాయమంటుంది. కిరాణా కొట్టాయన పసుపు అద్దమంటాడు. మందుల షాపులో అడిగితే మనుషుల కళ్ళకలకకు ఇచ్చే చుక్కల సీసా చేతిలో పెడతారు. అందరూ మంచి కోరే చెప్తారు. అయితే మొదటి మూడింటివల్ల ఒరిగేదేమీ లేదు. నాలుగోది కన్నునే పోగొట్టవచ్చు.

నాకు ఆ సంగతి తెలిసిన తీరు ముందు చెప్పాలి. మాది విశాఖపట్నంలో చినవాల్తేరు. మా నల్లోడు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు పెట్టెల వెనక దొరికిన పిల్లికూన. రెండేళ్ళ కిందట వానాకాలంలో వాడి కుడికన్ను కింద చర్మం తడితడిగా ఎర్రబడింది. కంట్లోంచి నీరు కారుతోంది కాబట్టి కలకే అనుకున్నాను. షాపులో చుక్కలు అడిగి తెచ్చి పూటకోసారి వేశాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, ఎంతో సంతోషించాను. నాలుగో రోజు పొద్దున వాడు ఆ కన్ను తెరవలేదు.

పశువైద్యుడు వాడి ముఖం చూడకముందే నన్ను అడిగిన మాట, "ఏం వేశారమ్మా కంట్లో?" సీసా చూపించాను. పేరు చదివి పక్కన పెట్టారు. అందులో యాంటీబయాటిక్‌తోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. ఆయన నారింజ రంగు కాగితపు ముక్క ఒకటి తీసి, సెలైన్ చుక్కతో తడిపి, కంటి మూలకు అలా తాకించారు. లైటు తీసేసి నీలిరంగు టార్చి వేశారు. నల్లగుడ్డు మీద ఆవగింజ కంటే కాస్త పెద్ద మచ్చ ఒకటి పచ్చగా మెరిసింది. అది పుండు. స్టెరాయిడ్ పైపైన ఎరుపు తగ్గిస్తుంది, లోపల పుండును మాననివ్వదు, పైగా లోతు చేస్తుంది. నేను బాగవుతోందనుకున్న రెండు రోజులూ అది లోతవుతూనే ఉంది. మూడు వారాల వైద్యం తరవాత కన్ను దక్కింది. ఎండలో పక్క నుంచి చూస్తే ఇప్పటికీ అక్కడ సన్నటి పొగమరక కనిపిస్తుంది.

అందుకే ఏ మందు మంచిది అన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి.

బాధ చర్మానిదా, కంటిదా?

పొద్దున వెలుతురు పడే కిటికీ దగ్గర పిల్లిని కూర్చోబెట్టుకుని, ముట్టుకోకుండా ఒక నిమిషం దాని ముఖం చూడండి. రెండు కళ్ళూ ఒకేలా తెరుచుకున్నాయా? ఒక కన్ను చికిలించి ఉంటే అది నొప్పి. పిల్లులు నొప్పిని అరిచి చెప్పవు, రెప్ప దించి చెప్తాయి. ముక్కు వైపు మూలలోంచి తెల్లటి పొర, అంటే మూడో రెప్ప, కంటి మీదకు వచ్చిందా? నల్లగుడ్డు మసకగా, నీలంగా ఉందా? కంటిపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయా? చిక్కటి పసుపుపచ్చ పుసి కడుతోందా? పంజాతో కంటిని పదేపదే రుద్దుకుంటోందా? వీటిలో ఒక్కటి ఉన్నా అది కంటి జబ్బు. పుసి తుడవడం, రుద్దుకోకుండా చూడడం వరకే ఇంట్లో చేయాలి. మిగతాదానికి ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

కళ్ళు రెండూ నిగనిగలాడుతూ, బాగా తెరిచి ఉండి, చుట్టూ చర్మం మాత్రమే ఎర్రబడో పొలుసుబారో ఉంటే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు.

అసలు జబ్బే కానిది కూడా ఒకటుంది. కంటికీ చెవికీ మధ్య బొచ్చు పలచగా ఉండడం పిల్లి జాతి మొత్తానికీ సహజం. పొట్టి బొచ్చు పిల్లుల్లో, అందులోనూ నల్లవాటిలో, అక్కడ చర్మం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండి, చర్మం నున్నగా ఉండి, గోకడం లేకపోతే వదిలేయండి. పొద్దున లేవగానే లోపలి మూలలో కనిపించే గోధుమరంగు ఎండు పలుకు కూడా మన కంటి పుసి లాంటిదే. తుడిస్తే పోతుంది.

చూపుకి ఒకేలా కనిపించే వేరు వేరు జబ్బులు

మన ఊళ్ళో వీధి నుంచి ఇంట్లోకి వచ్చిన పిల్లులకు నేను ముందు అనుమానించేది గజ్జి. నోటోఎడ్రిస్ అనే, కంటికి ఆనని పురుగు చర్మంలో దూరి సొరంగాలు చేస్తుంది. మొదలయ్యేది చెవి అంచు దగ్గర. అక్కణ్ణుంచి నుదురు, కనురెప్పలు, మెడ. చర్మం మందమై, ముడతలు పడి, బూడిదరంగు పక్కులు కడుతుంది. దురద మామూలుగా ఉండదు, నెత్తురు వచ్చేదాకా గోక్కుంటాయి. హార్బర్ గోడల మీద కూర్చునే పిల్లుల్లో ముఖం ముసలి వాళ్ళ ముఖంలా ముడతలు పడినవి కనిపిస్తే చాలావరకు ఇదే. ఒక పిల్లి నుంచి ఇంకోదానికి చప్పున అంటుతుంది, ఎత్తుకున్న మన చేతుల మీద కూడా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. పిల్లికి నయమైతే మనవీ పోతాయి. చూడ్డానికి ఇంత ఘోరంగా ఉండే జబ్బు నిజానికి సులువుగా లొంగుతుంది. డాక్టరు చర్మం గీకి మైక్రోస్కోపులో చూసి, సెలామెక్టిన్ లేదా ఐవర్‌మెక్టిన్ రకం మందు బరువు లెక్కన ఇస్తే కొన్ని వారాల్లో కొత్త బొచ్చు వస్తుంది. కడగడంతోనూ నూనెలతోనూ మాత్రం ఎన్నటికీ పోదు.

తామర వేరు. గుండ్రటి మచ్చ, అంచుల్లో తెగిన వెంట్రుకలు, సిగరెట్ బూడిద లాంటి పొట్టు, దురద తక్కువ. పిల్లికూనలకూ, పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు వాటికీ ఎక్కువ. ఇది మనుషులకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు, అంటుతుంది. దీని బీజాలు సోఫాల్లో, దుప్పట్లలో నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి తామర అనుమానం వస్తే పిల్లి మంచానికి దూరంగా ఒక గదిలో ఉండాలి. దాని పడక గుడ్డ వేరుగా ఉతకాలి, గది రోజూ ఊడ్చి తుడవాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఇంట్లో ఉన్న తామర క్రీము రాయడం. మన షాపుల్లో దొరికే చాలా తామర క్రీముల్లో రెండు మూడు మందులతోపాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురద తగ్గిస్తూనే తామరను పెంచుతుంది. పంజాతో తుడుచుకుంటే కంట్లోకి, నాకితే కడుపులోకి పోతుంది.

కలక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చర్మవ్యాధి అనుకుని నాలాగే మోసపోయేవాళ్ళు చాలామంది. పిల్లుల్లో కళ్ళకలకకు ఎక్కువగా కారణమయ్యేది పిల్లుల హెర్పిస్ వైరస్. అది మనకు అంటదు. కూనగా ఉన్నప్పుడు ఒకసారి సోకితే చాలామటుకు జీవితాంతం నరాల్లో దాక్కుని ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, దీపావళి టపాసులకు హడలిపోయినా మళ్ళీ పైకి వస్తుంది. ముందు తుమ్ములు, నీరు కారడం, ఒక కన్ను చికిలించడం. కారిన నీరు కంటి కింద చర్మాన్ని నానబెట్టి ఒరిపిస్తుంది, మనకు కనిపించేది ఆ ఒరుపే. నల్లగుడ్డు మీద పుండు వేసే అలవాటు ఈ వైరస్‌కు ఉంది. నల్లోడికి జరిగింది అదే. క్లమిడియా అనే బాక్టీరియా వల్ల కూడా కలక వస్తుంది, రెప్ప లోపలి పొర ఉబ్బి బయటకు వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడాలి. రెండిటి వైద్యమూ వేరు, ముఖం చూసి ఇది ఫలానా అని మనం చెప్పలేం.

మా వదిన వాళ్ళ మల్లిది ఇంకో కథ. మల్లి తెల్ల పర్షియన్, వాళ్ళ ఇల్లు జ్ఞానాపురంలో. చదును ముఖం పిల్లులకు కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం వంకర తిరిగి ఉంటుంది. అందుకని నీరు బయటికే పొర్లుతుంది. ముక్కు పక్క ముడతలో నిలిచి, బొచ్చును ఎర్రటి గోధుమరంగుకు తిప్పి, చర్మాన్ని చెమ్మబెడుతుంది. దానికి పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము తోడు. కిటికీ గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలికి నల్లగా అంటుకునే ఇల్లది, మల్లి ముఖం మీద ఆ దుమ్ము పడకుండా ఎలా ఉంటుంది? ఈ జాతికి మందు కంటే రోజువారీ తుడుపే ముఖ్యం. రెప్ప లోపలికి మడిచి వెంట్రుకలు గుడ్డుకు గుచ్చుకుంటుంటే, లేదా నల్లగుడ్డు మీద బొగ్గు లాంటి మచ్చ కనిపిస్తే మాత్రం తుడుపుతో పోదు. అది ఆపరేషన్ దాకా వెళ్ళే విషయం.

తెల్ల పిల్లులకు ఇంకో ప్రమాదం ఎండ. రెప్ప అంచున, ముక్కు మీద, చెవి చివర చిన్న పుండు మానకుండా, పక్కు రాలి మళ్ళీ కడుతూ ఉంటే క్యాన్సర్ కావచ్చు. మన డాబాల మీద ఎండ కాచుకోవడం వాటికి ఇష్టమే కానీ, మధ్యాహ్నం పూట తెల్లదాన్ని కింద ఉంచడమే మంచిది. మల్లికి అలా అలవాటు చేశారు.

దోమకాటు పడని పిల్లులకు ముక్కు దూలం మీద, చెవుల మీద, కంటి దగ్గర చిన్న బొడిపెలు లేచి పక్కు కడతాయి. మెష్ వేసిన గదిలో వారం రోజులు ఉంచితే తగ్గుముఖం పడతాయి, అదే గుర్తు. ఫ్లీస్ అనే గెంతే పురుగులు ఉంటే సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక దిగితే అది పురుగు తాగిన నెత్తురు. ఇవేవీ లేకుండా ఏడాది పొడుగునా ముఖం, మెడ గోక్కుంటుంటే తిండి పడకపోవడం కావచ్చు. పిల్లులకు ఎక్కువగా పడనివాటిలో బీఫ్, చికెన్‌తోపాటు చేప కూడా ఉంది. హార్బర్ ఊళ్ళో ఈ మాట ఎవరూ నమ్మరు! అది తేలాలంటే అంతకుముందు తినని మాంసం ఒక్కటే కనీసం ఎనిమిది వారాలు పెట్టి చూడాలి, మధ్యలో ఒక్క చేప ముక్క కూడా పడకూడదు.

కడగడానికి ఏ నీళ్ళు?

నా ఓటు మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్‌కే. 0.9 శాతం ఉప్పు నీళ్ళు, కన్నీటికి దగ్గరగా ఉంటుంది, మండదు, సూక్ష్మజీవులు ఉండవు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మనం డ్రిప్ సీసా ఏదైనా సెలైన్ అనేస్తాం, షాపు కుర్రాడూ అలాగే ఏదో ఒకటి అందిస్తాడు. సీసా మీద ఎన్‌ఎస్ అని, సోడియం క్లోరైడ్ 0.9 అని చదివి తీసుకోండి. డీఎన్‌ఎస్ అని ఉంటే అందులో గ్లూకోజు ఉంది. ముఖమంతా జిగురై చీమలు పడతాయి. 100 మిల్లీలీటర్ల సీసా చాలు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినంత చిన్న గిన్నెలో పోసుకుని, గది వేడికి వచ్చాక వాడతాను. మర్నాటికి మిగిలితే మొక్కలకు కాకుండా సింకులో పారబోస్తాను. కాంటాక్ట్ లెన్సుల ద్రావణం కూడా సెలైనే కదా అనుకోవద్దు. అందులో లెన్సు శుభ్రం చేసే మందులు కలుస్తాయి.

రెండో ఎంపిక కాచి చల్లార్చిన నీళ్ళు. అర్ధరాత్రి షాపులు మూసి ఉంటే ఇదే దిక్కు, రెప్పల బయట పక్కులు నానబెట్టడానికి బాగానే పనికొస్తుంది. ఇంట్లో ఉప్పు కలుపుకోవడం మూడోది. అర లీటరు కాచిన నీళ్ళకు నాలుగున్నర గ్రాముల ఉప్పు పడాలి. చెంచా లెక్కన వేస్తే చేతికో కొలత వస్తుంది, ఎక్కువైతే మండుతుంది. తూకం లేకపోతే ఉప్పు మానేసి ఉత్త నీళ్ళే వాడడం నయం.

టీ డికాక్షన్‌తో తుడవమని ఇప్పుడు ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి. అది సూక్ష్మజీవులు లేనిదీ కాదు, తెల్ల బొచ్చుకు మరక కూడా. పన్నీరులో సువాసన ద్రవ్యాలు, నిల్వ మందులు ఉంటాయి. పాలు, చనుబాలు పోయడం పెద్దవాళ్ళ నమ్మకం, కానీ పాలు బాక్టీరియాకు మంచి తిండి. నందివర్ధనం గురించి మామ్మగారితో నేను వాదించలేదు. పువ్వులు దేవుడికి పెట్టి, కాచిన నీళ్ళు నల్లోడికి వాడాను, ఆవిడా తృప్తి పడ్డారు.

పసుపు గరుకు పొడి, కంట్లో పడితే గీరుతుంది. కొబ్బరినూనె విషం కాదు, కానీ దుమ్మును పట్టి ఉంచుతుంది, పక్కు కింద చెమ్మ ఆరనివ్వదు. వేపనూనె, టీ ట్రీ నూనె, కర్పూరం కలిసిన బామ్‌లు పిల్లుల దగ్గరకే రాకూడదు. మన శరీరం విరిచేసే చాలా రసాయనాల్ని పిల్లి కాలేయం విరవలేదు. రాసినదాన్ని అది నాక్కుంటుంది కూడా. డెటాల్ లాంటి ద్రావణాలు, ఫినాయిల్ అదే కోవ. నేల ఫినాయిల్‌తో తుడిచి, ఆ తడి మీద నడిచిన పిల్లి పంజాతో ముఖం తుడుచుకోవడం ఎన్ని ఇళ్ళలో చూశానో! సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక పిల్లిని వదిలితే చాలు. దోమల చక్రం, సాంబ్రాణి ధూపం, అగరొత్తులు కూడా కళ్ళను మండిస్తాయి. మా ఇంట్లో శుక్రవారం ధూపం వేసేటప్పుడు నల్లోడు వెనక వరండాలో ఉంటాడు.

తుడవడం ఎలా, దేనితో

దూదికి పోగులు ఊడతాయి, ఒక్క పోగు గుడ్డుకు అంటినా గీరుతుంది. అందుకే నేను గాజుగుడ్డ ముక్కలు, లేదా కాచి ఆరబెట్టిన పాత నూలు పంచె ముక్కలు వాడతాను. మనుషుల మేకప్ తుడిచే వైప్స్, పసిపిల్లల వైప్స్ వద్దు, వాటిలో సువాసన ఉంటుంది. పెట్ షాపుల్లో పిల్లుల కళ్ళకంటూ అమ్మే వైప్స్ రోజూ తుడవాల్సిన మల్లి లాంటి వాటికి వీలుగా ఉంటాయి. సువాసన లేనివి చూసుకోవాలి. అప్పుడప్పుడు తుడిచే పిల్లికి ఆ ఖర్చు అనవసరం.

పిల్లిని తువ్వాలులో పురిటి బిడ్డను చుట్టినట్టు చుట్టి, ముఖం మాత్రం బయటికి ఉంచి, వీపు మన పొట్టకు ఆనేలా ఒళ్ళో పెట్టుకోవాలి. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డను మూసిన కన్ను మీద రెండు నిమిషాలు ఉంచండి, నొక్కొద్దు. పక్కు దానంతటది మెత్తబడుతుంది. అప్పుడు ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్కసారి లాగి ఆ ముక్క పారేయాలి. రెండో కంటికి కొత్త ముక్క. ఊడిరాని పక్కును గోటితో పీకొద్దు, కింద పచ్చిగా ఉంటుంది. ఆఖరున పొడి గుడ్డతో అద్దాలి. మన విశాఖ గాలిలో ఉక్కకు తడి బొచ్చు తొందరగా ఆరదు, ఆ చెమ్మే మళ్ళీ చర్మాన్ని పాచిస్తుంది. తుడవడం కంటే ఈ అద్దడం ముఖ్యమని నాకు మల్లిని చూశాక అర్థమైంది. రోజుకు రెండుసార్లు చాలు. అయ్యాక చేతులు కడుక్కుని వెంటనే ఏదైనా ఇష్టమైన ముక్క పెట్టండి, లేకపోతే మర్నాడు తువ్వాలు చూడగానే మంచం కిందకు దూరుతుంది.

మెడకు కోన్

పంజా ముఖానికి అందకుండా మెడ చుట్టూ కట్టే గరాటు లాంటిది కోన్. చాలామంది పిల్లి మీద జాలితో దీన్ని మానేస్తారు. నా లెక్కలో సెలైన్ తరవాత డబ్బు పెట్టాల్సింది దీనికే. గోకుడు ఆగకుండా ఏ పుండూ మానదు.

గుండ్రటి మెత్తటి దిండు రకం కంటి బాధకు పనికిరాదు, పంజా తిన్నగా కంటికి అందుతుంది. గుడ్డ కోన్ తేలిక, పడుకోవడానికి సుఖం, కానీ గట్టిగా గోకితే మడిచిపోతుంది. ఒరుపు కొద్దిగా ఉండి పిల్లి నెమ్మదస్తురాలైతే సరిపోతుంది. కంట్లో పుండు ఉంటే మాత్రం ప్లాస్టిక్ కోనే, అదీ లోపలి నుంచి బయట కనిపించేది. అంచు ముక్కు కొనను దాటి రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. మెడ పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. పాత ఎక్స్‌రే ఫిల్ముతో చేసుకునేవాళ్ళున్నారు. పని చేస్తుంది, కానీ అంచుకు టేపు చుట్టకపోతే మెడ కోస్తుంది. మొదటి రోజు వెనక్కి నడుస్తుంది, గోడలకు తగులుతుంది. వెడల్పాటి పళ్ళెంలో తిండి పెడితే తీయకుండానే తింటుంది. వెనకకాలి గోళ్ళ కొనలు కత్తిరించడం కూడా మరవకండి, ముఖం గోకేది వాటితోనే.

చుక్కలు, పూతలు, మాత్రలు

డాక్టరు చూసేలోపు మీ అంతట మీరు వేయగలిగినది ఒక్కటే, నిల్వమందు లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఒక్కటే ఉన్నవి. పొడి కంటికి, దుమ్ము పడ్డ కంటికి ఉపశమనం ఇస్తాయి. పుండును మాన్పవు, చెడగొట్టవు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ అనే స్టెరాయిడ్ పేర్లలో ఏది ఉన్నా కంట్లో పుండు లేదని పరీక్ష చేసే దాకా వేయకూడదు. ఒట్టి యాంటీబయాటిక్ చుక్కలు అంత ప్రమాదం కాకపోయినా, వైరస్‌ మీద పని చేయవు. డాక్టరు పరీక్షకు తీసే నమూనాను కూడా గజిబిజి చేస్తాయి.

చర్మం మీద పూత విషయంలో నాది ఖండితమైన మాట. కంటికి వేలెడు దూరంలో మీ అంతట మీరు ఏ ఆయింట్‌మెంటూ రాయొద్దు. పసిపిల్లల డైపర్ క్రీములో జింక్ ఉంటుంది, నాకితే విషం. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారి ఒంటి మీద మంచి మందే, కంట్లో పడితే నల్లగుడ్డును కాలుస్తుంది.

ఫ్లీస్ మందులో తేడా ప్రాణాల మీదకు వస్తుంది. మెడ వెనక చర్మం మీద పోసే ఫిప్రోనిల్, సెలామెక్టిన్ పిల్లులకు ఇస్తారు, బరువు చూసి. కుక్కలకు అమ్మే కొన్ని చుక్కల్లో పర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి పడితే ఒళ్ళంతా వణుకు, ఫిట్స్, చావు. ఇంట్లో కుక్క ఉండి దానికి ఆ మందు వేస్తే, ఆరే దాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

హెర్పిస్‌కు లైసీన్ పొడి ఇప్పటికీ అమ్ముతున్నారు. ఎన్నో ఏళ్ళు డాక్టర్లూ రాశారు. అది పని చేయదని 2015లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష తేల్చింది. ఆ డబ్బు పిల్లి కంగారు తగ్గించడానికి ఖర్చు పెట్టండి, అంటే దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, వేరే తిండి గిన్నె, మట్టి పెట్టె ఇంకోటి. మన ఎసైక్లోవిర్ మాత్రలు పిల్లికి విషం. డాక్టర్లు ఇచ్చేది ఫామ్‌సైక్లోవిర్. నొప్పి కదా అని పారాసిటమాల్ ముక్క ఇచ్చినా పిల్లి చచ్చిపోతుంది, దయచేసి ఇవ్వకండి.

ఏ డాక్టరు, ఎంత తొందర

కన్ను చికిలించినా, గుడ్డు మసకబారినా, దెబ్బ తగిలినా, కూన కళ్ళు పుసితో అంటుకుపోయినా ఆ పూటే. గోకి నెత్తురు వస్తుంటే, మచ్చలు పాకుతుంటే, ఇంట్లో ఎవరికైనా దద్దుర్లు మొదలైతే మర్నాడు. ఉత్త ఎరుపు, దురద కొంచెం, తిండి బాగా తింటోంది అంటే సెలైన్, కోన్, ధూపం మానడం. నలభై ఎనిమిది గంటల్లో తగ్గుముఖం లేకపోతే వెళ్ళాలి.

ఊళ్ళో పెంపుడు జంతువుల ప్రైవేటు క్లినిక్‌లకు కొదవ లేదు. ప్రభుత్వ పశువైద్యశాలలో ఖర్చు తక్కువ, కానీ పనివేళలు చూసుకోవాలి, కుక్కల మధ్య వరసలో కూర్చోవాలి. పిల్లి బెదిరిపోతుంది కాబట్టి బుట్ట మీద గుడ్డ కప్పి తీసుకెళ్ళండి. ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. కంట్లో రంగు వేసి పుండు చూసే ఫ్లోరెసిన్ పరీక్ష చేస్తారా? చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తారా? ఈ రెండూ ఉన్న చిన్న క్లినిక్, ఇవి చేయకుండా చుక్కలు రాసిచ్చే పెద్ద క్లినిక్ కంటే నాకు నయం. కేసు క్లిష్టమైతే పక్కనే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి పంపమని డాక్టరు గారినే అడగవచ్చు.

బయల్దేరే ముందు కన్ను తుడవకండి, పుసి ఏ రంగులో ఉందో ఆయన చూడాలి. మొదటి రోజు నుంచి రోజుకొక ఫొటో, అదే కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా తీసి ఉంచుకోండి. ఇప్పటిదాకా వేసిన ప్రతి సీసా, ప్రతి ట్యూబు, నూనె అయినా సరే, ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి. ఆ రోజు నా చేతిలో ఆ సీసా లేకపోతే, దాని పేరు నాకు గుర్తుండేది కాదు.